ఇంట్లోనే కదా!

పచ్చళ్ల వ్యాపారం పెట్టుకున్న ఆడవాళ్ల మీద ప్రకృతికీ విద్యాశాఖకీ కలిపి ఏదో పాత పగ ఉన్నట్టుంది. పుల్లగా ఉండి టెంక కట్టిన మామిడికాయ మార్కెట్లోకి దిగేది ఏప్రిల్ చివర్లో. రెండు తెలుగు రాష్ట్రాల్లో బడి గేటుకి తాళం పడేదీ మామూలుగా ఏప్రిల్ నాలుగో వారంలోనే. ఆ తాళం మళ్లీ తీసేది జూన్ 12న. అప్పటికి కాయ మెత్తబడి పచ్చడికి పనికిరాకుండా పోతుంది. అంటే, ఏడాది పొడవునా అమ్ముకోవాల్సిన సరుకంతా జాడీల్లోకి ఎక్కించాల్సిన ఆ నెలన్నరా పిల్లలు అమ్మ కొంగు వదలరు. పోనీ, వేసవి పోతే పండగలున్నాయిగా అంటారా? అరిసెలకి గిరాకీ సంక్రాంతికి. బడికి సెలవులు. జంతికలకీ చెక్కలకీ గిరాకీ దసరాకి. మళ్లీ సెలవులు. ఫోను మోగని రోజుల్లో మాత్రం పిల్లలు బుద్ధిగా బ్యాగు తగిలించుకుని బడికి పోతారు.

ఈ సంగతి చెప్పుకుంటే చుట్టాలందరిదీ ఒకే మాట. ‘నీకేమ్మా, ఇంట్లోనే కదా! పిల్లలు కళ్లముందే ఉంటారు. బయట ఉద్యోగాలు చేసేవాళ్ల అవస్థ చూడు.’ ఈ మాట అనేవాళ్లు ఆవకాయ తిన్నవాళ్లే తప్ప పెట్టినవాళ్లు కారు. పెట్టినవాళ్లకి తెలుసు, ఆవకాయకి తడి కంటే పెద్ద శత్రువు లేదని. కాయలు కడిగి, ఒక్కొక్కటీ పొడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, ముక్కలు కొట్టి, జీడి తీసి, లోపలి పొర గీకి, మళ్లీ తుడుస్తారు. చెయ్యి తడిగా ఉంటే జాడీ దగ్గరికి రానివ్వరు. నీళ్లు తగిలాయా, బూజు పట్టి జాడీ అంతా పారబోతే. మరి రెండేళ్ల పిల్లాడంటే ఎవరు? నడిచే తడి. ముక్కు తడి, మూతి తడి, చేతిలో ఒలికే గ్లాసు. కారం, ఆవపిండి, ఉప్పు కొలిచి బేసిన్లో పోసి ఉంచిన గదే వాడికి కావాలి. లోపలికి వస్తే పచ్చడికి ప్రమాదం, కారం కంట్లో పడితే వాడికి ప్రమాదం. తలుపు గడియ పెడితే అవతల రాగం. ఆ రాగం విని పక్క ఫ్లాటావిడ ప్రత్యక్షం. ‘పాపం, పసివాణ్ణి ఏడిపించి సంపాదించేదేముందమ్మా?’ అంత జాలిపడిన ఆవిడ పిల్లాణ్ణి ఓ గంట ఎత్తుకుపోతుందా అంటే, పోదు. వెళ్తూ వెళ్తూ కొత్తావకాయ రుచి చూపించమని మాత్రం అడుగుతుంది.

మూడో రోజు జాడీ తిరగకలిపి ఉప్పు చూడాలి. మూడో రోజే పెద్దపిల్లకి జ్వరం వస్తుంది. ఇది శాస్త్రం కాదనుకుంటే ఏ పచ్చళ్లావిడనైనా అడిగి చూడండి.

ఇక బేరం. ‘అక్కా, ఇంట్లో చేసిందేగా, షాపు రేటు చెప్తున్నారేంటి?’ అని వాట్సాప్‌లో దీర్ఘం తీస్తారు. ఇంట్లో చేసింది కాబట్టే కావాలి, ఇంట్లో చేసింది కాబట్టే డబ్బులు తగ్గించాలి. ఇదెక్కడి న్యాయమో! పిల్లల తల్లి కదా అని పప్పునూనె కొట్టువాడు డబ్బాకి పది రూపాయలు తగ్గించడు. గుంటూరు మిర్చి ధర ఇంట్లోకా, అమ్మకానికా అని అడిగి మరీ పెరగదు, తగ్గదు. కొరియరువాడు తూకం తూకమే అంటాడు. ఇన్నింటిలో తగ్గడానికి వీలున్నది ఒక్క ఆవిడ కూలి. ఖర్చుల పుస్తకం తెరిచి చూడండి: కాయలు, కారం, ఆవాలు, నూనె, సీసాలు, లేబుళ్లు, అన్నీ ఉంటాయి. తెల్లవారుజామున నాలుగింటికి లేచిన మనిషి పేరు మాత్రం ఉండదు. ఏడాది చివర ‘లాభం వచ్చింది’ అని మురిసిపోయేది ఆవిడకి రావాల్సిన కూలే, అదీ సగమే.

ప్రభుత్వాన్ని ఆడిపోసుకోవడం అన్యాయం. చెయ్యాల్సినవన్నీ చేసింది. ఇంట్లో వండి అమ్ముకునే చిన్న వ్యాపారికి ఏడాదికి 100 రూపాయల ఫీజుతో ఆహార భద్రత సంస్థ రిజిస్ట్రేషను, సీసా మీద వేసుకోవడానికి 14 అంకెల నంబరు ఇస్తోంది. 2020 నుంచి ఉద్యమ్ రిజిస్ట్రేషను ఉచితం. 2015లో వచ్చిన ముద్ర పథకంలో 50 వేల దాకా అప్పుకి ‘శిశు’ అని ముద్దుగా పేరు పెట్టారు, తాకట్టు అడగరాదన్నారు. తాకట్టు అడగరు, నిజమే. ‘మీ ఆయన ఏం చేస్తారమ్మా?’ అని మాత్రం అడుగుతారు. శిశు రుణం ఇచ్చే పథకంలో అసలు శిశువును ఎవరు చూసుకుంటారన్న గడి ఏ ఫారంలోనూ లేదు. చట్టం ఉందిగా అంటారా? ఉంది. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలకి పెంచారు. 50 మంది, అంతకు మించి పనిచేసేచోట పిల్లల సంరక్షణ గది పెట్టాలన్నారు. ఇద్దరు సాయమనుషులతో వంటింట్లో పచ్చడి కలిపే ఆవిడ ఆ 50 మందిలోకి రాదు. తనకి తనే యజమాని కాబట్టి సెలవు చీటీ తనే రాసుకుని, సీజను చూసుకుని తనే తిరస్కరించుకోవచ్చు. ఆ స్వేచ్ఛ పూర్తిగా ఉంది.

ఇంక ఇంటాయన. ‘మా ఆయన చాలా సపోర్టండీ’ అని ప్రతి ఇంటర్వ్యూలోనూ ఆవిడ చెబుతుంది. ఆ సపోర్టు ఏమిటని ఆరా తీస్తే, వద్దనలేదు, అంతే. అడ్డుచెప్పకపోవడాన్ని సాయం పద్దులో జమ వేసే ఖాతా మగవాడికి తప్ప ఇంకెవరికీ లేదు. పనిమనిషి అడ్డుచెప్పకుండా కూర్చుంటే జీతం ఇస్తామా? వారానికోసారి రెండు పార్సిళ్లు బండి మీద పెట్టుకుని కొరియరు ఆఫీసుకి వెళ్లొచ్చి, ‘మేము బిజినెస్ చేస్తున్నాం’ అని ఆఫీసులో చెప్పుకుంటాడు. అదే తను వ్యాపారం పెడితే? ‘నాన్న ఫోన్లో ఉన్నారు, అరవకండి’ అని పిల్లల్ని పక్క గదిలోకి తోలతారు. వేళకి టీ వస్తుంది. మగవాడు వ్యాపారం పెడితే ఇల్లు ఆఫీసైపోతుంది, ఆడది పెడితే ఆఫీసు వంటిల్లైపోతుంది. ఆయనకి నష్టం వస్తే అనుభవం. ఆవిడకి నష్టం వస్తే, ‘ముందే చెప్పానా?’

ఇదంతా ఒట్టి అక్కసు అనుకుంటే కేంద్ర గణాంక శాఖవారి లెక్కలున్నాయి. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు పెడితే మగవాళ్లు 88 పెట్టారు. ఇంటిపని ముట్టుకోని మహానుభావుల్ని ఇందులో కలపలేదు. ఎంతో కొంత చేసే మంచివాళ్ల సగటే ఇది. 2019లో ఇవే అంకెలు 299, 97. ఐదేళ్లలో ఆడవాళ్లకి పది నిమిషాలు కలిసొచ్చిందని సంతోషించేలోపే మగవాళ్లు తమ వాటాలో తొమ్మిది కోసుకున్నారు. సమానత్వమంటే ఇదే కాబోలు.

అన్నట్టు, 2023లో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుడు నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 మొదట్లో ఎల్ అండ్ టీ అధిపతి సుబ్రహ్మణ్యన్ గారు 90 దాకా వెళ్లి, ఆదివారాలు ఇంట్లో కూర్చుని పెళ్లాం ముఖం ఎంతసేపు చూస్తారని నిలదీశారు. లెక్క వేసి చూద్దాం. అదే సర్వేలో, ఈ పనులు చేసే 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లు సగటున ఇంటిపనికి రోజుకి 305 నిమిషాలు, ఇంట్లోవాళ్ల ఆలనాపాలనకి 140 నిమిషాలు పెట్టారు. రెండూ కలిపితే వారానికి 52 గంటలు. దానికి మూర్తిగారి 70 చేర్చండి. నిద్ర, స్నానం, తిండి, అత్తగారింటి ఫోన్లు అన్నిటికీ రోజుకి ఆరున్నర గంటలు మిగులుతాయి. సుబ్రహ్మణ్యన్ గారి 90 చేరిస్తే నాలుగు గంటలు కూడా మిగలవు. ఇక మొగుడి ముఖం చూసే తీరిక ఆవిడకెక్కడిది?

1981లో మూర్తిగారి ఇన్ఫోసిస్ మొదలైంది ఆయన భార్య సుధామూర్తి గారు దాచుకున్న 10 వేల రూపాయలతో. అప్పటికి వాళ్లమ్మాయికి ఏడాది దాటింది, అబ్బాయి 1983లో పుట్టాడు. కొత్త కంపెనీ, చంటిపిల్లలు! పచ్చళ్లావిడ పరిస్థితే. అయినా ‘పిల్లలతో ఎలా మేనేజ్ చేశారు సార్?’ అన్న ప్రశ్న మూర్తిగారికి మైకు పట్టుకుని ఎవరైనా వేశారా? నేను వినలేదు. ఇంజినీరైన భార్యని కంపెనీలోకి రానివ్వకపోవడం పొరపాటేనని 2024లో ఆయనే ఒప్పుకున్నారు. పెద్దమనసే. కానీ వారానికి 70 గంటలు పనిచేయాలంటే ముందు కావాల్సింది క్రమశిక్షణ కాదు, ఇంట్లో ఒక సుధామూర్తి. ఆ సరుకు ఏ ముద్ర రుణంలోనూ దొరకదు.

అలాగని పచ్చళ్లావిడని నెత్తిన పెట్టుకోవాల్సిన పనీ లేదు. కాయలు కొట్టడానికి వచ్చే మనిషికీ ఒక పిల్లాడున్నాడు. వాడి బడికీ ఏప్రిల్‌లోనే తాళం పడింది. తల్లి వెనకాలే వస్తాడు. అంతే, మన ‘మహిళా పారిశ్రామికవేత్త’ గొంతులోకి ఏ పెద్ద కంపెనీ మేనేజరో దూరతాడు. ‘పిల్లాణ్ణెందుకు తెచ్చావ్? కత్తిపీటలున్నాయి, తడి చేస్తాడు. ఇంటి దగ్గర ఎవరూ లేరా?’ లేరు కాబట్టే తెచ్చింది. మర్నాడు వాడికి జ్వరమని రాకపోతే ఆ రోజు కూలి కోత. పత్రికలో ఫొటో పడ్డప్పుడు వరుసగా పేర్చిన సీసాల వెనక యజమానురాలు నవ్వుతూ నిలబడుతుంది. ముక్కలు కొట్టిన మనిషి ఫొటోలో ఉండదు. ‘ఇంట్లోనే కదా’ అన్న మాటకి ఇన్నాళ్లూ దెబ్బతిన్న మనిషి, తనకంటే కింద ఇంకో ఆడది కనిపించగానే అదే మాటని తిరగేసి ‘ఇంట్లో వదిలి రాలేవా’ అంటుంది.

మార్చి 8 సభల నిర్వాహకులకి ఒక మనవి. పచ్చళ్లావిడని వేదికెక్కించి, మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, శాలువా కప్పి, మెమెంటో చేతిలో పెట్టి, ‘ఇటు ఇల్లు, అటు వ్యాపారం’ అంటూ ఉపన్యాసాలివ్వడం ఆపండి. ఆ పూట ఆగిపోయిన ఆర్డర్లు రాత్రి మేలుకుని పూర్తి చేసుకునేది ఆవిడే. మీ బంధువర్గం అరువు తీసుకెళ్లిన సీసాల బాకీ ఉంటే ముందు అది తీర్చండి. అంతగా గౌరవించాలనిపిస్తే ఏప్రిల్ చివరి ఆదివారం పొద్దున తొమ్మిదింటికల్లా వాళ్లింటికి వెళ్లండి. ఆవిడ పిల్లలిద్దర్నీ, కాయలు కొట్టే మనిషి పిల్లాణ్ణీ తీసుకుపోయి, మధ్యాహ్నం అన్నం మీరే పెట్టి, సాయంత్రం ఆరు దాటాక దిగబెట్టండి. ఫొటోగ్రాఫరు అక్కర్లేదు.