సూరత్ సెట్టింగు పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఈ పద్యం ఏ తాళపత్రంలోనూ దొరకలేదు. వ్యాఖ్యానానికి మూలం ఒకటి ఉండాలి గనక వ్యాఖ్యాతే రాసుకున్నాడు. మెదక్ ప్రాంతపు కొల్చారం ఊరి పేరును ఇంటిపేరుగా మోసిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ముందే మాటిచ్చి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాశాడు. ఇక్కడ మూలమూ మనదే, అక్కరా మనదే. ఆయన నియమానికి వచ్చిన భంగం ఏమీ లేదు.

సందర్భం ఇది. సూరత్ రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లలో ఒక చీరల ఏజెన్సీ ఆఫీసు ఉందనుకోండి. బల్లల మీద కంప్యూటర్లు ఉన్నట్టే కనిపిస్తాయి గాని, ఉన్నది ఒక తెర, ఒక కీబోర్డు, అరచేతంత పెట్టె. అసలు యంత్రం సర్వర్‌లో ఉంటుంది. పొద్దున లాగిన్ అయినవాళ్లకు అక్కడ ఖాళీగా ఉన్న వర్చువల్ డెస్క్‌టాప్ ఏదో ఒకటి దక్కుతుంది. సాయంత్రం లాగాఫ్ కొట్టగానే దాన్ని కడిగి మళ్లీ కొత్తదాన్ని చేస్తారు. రేపు అదే దొరుకుతుందన్న హామీ లేదు.

అక్కడ మన అమ్మాయి ఒకతె పనిచేస్తుంది. తాత కరీంనగర్ వైపు నుంచి మగ్గం పనికి వచ్చి లింబాయత్‌లో పాతుకుపోయిన పద్మశాలి. సూరత్ నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మీడియం కూడా ఉంది గనక తెలుగు రాయడం వచ్చింది. విజయవాడ వస్త్రలత బట్టల మార్కెట్ వ్యాపారులకు కొత్త చీరల ధరలు తెలుగులో పంపడం, చలాన్లు ప్రింటు తీయడం ఆమె పని. ఒక సోమవారం అడ్మిన్‌కు ఫోన్ చేసింది.

"భాయ్, మేరా తెలుగు ఫిర్ సే చలా గయా."

"బేన్, ఏక్ వార్ లాగాఫ్ కరీ జుఓ (ఒకసారి లాగాఫ్ చేసి చూడు)."

ఈ సంవాదం నుంచి పద్యం పుట్టింది.

మూలం

ఆ. నిన్న పెట్టినట్టి నీదు సెట్టింగులు
నేడు చూడ లేవు నెలవు మారి
సర్వరందు దాగె జాడ చెప్పు నెవరు
సూరతందు నున్న సూక్ష్మబుద్ధి

ప్రతిపదార్థం

సూరతందు నున్న = తాపీ తీరాన గల సూరత్ నగరమందు, ఏసీ గదిలో కూర్చున్న; సూక్ష్మబుద్ధి = ఓ సిస్టం అడ్మినిస్ట్రేటరూ; నిన్న = గడచిన పనిరోజున; పెట్టినట్టి = అరగంట తంటాలు పడి అమర్చుకొన్న; నీదు సెట్టింగులు = నీవి అని నీవు భ్రమించిన అమరికలు; నేడు చూడన్ = ఇవాళ లాగిన్ అయి చూడగా; లేవు = కానరావు; నెలవు మారి = వేరొక డెస్క్‌టాపు దక్కుటచేత; సర్వరందు దాగెన్ = ఫైల్ సర్వరులో ఏదో ఫోల్డరున చేరెను; జాడ = వాటి పాత్; ఎవరు చెప్పును = టికెట్ పెట్టక ఎవరు చెప్పుదురు?

తాత్పర్యం

మనిషి ఒక డెస్క్‌టాప్‌లో ఉంటాడు, అతని అలవాట్లు ఇంకో చోట ఉంటాయి. పొద్దున ఆ రెంటినీ కలిపేవాడి కోసం వెతుకులాట.

టీక

"నిన్న పెట్టినట్టి" అన్నాడు. ఏం పెట్టిందట? చాలామంది గోడబొమ్మ అనుకుంటారు. గోడబొమ్మ పోతే ఏ ఆఫీసూ ఆగదు. విండోస్‌లో ప్రతి వాడుకరికీ ఎన్‌టీయూజర్ డాట్ డాట్ అని ఒక ఫైలు ఉంటుంది (రెండో డాట్ చుక్క కాదు, ఫైలు పేరులో భాగమే). ఆ మనిషి లాగిన్ అయినప్పుడు విండోస్ అమరికల చిట్టా అయిన రిజిస్ట్రీలో ఆ మనిషి భాగంగా తెరుచుకునేది అదే. డిఫాల్ట్ ప్రింటర్ ఏది, ఏ డ్రైవ్ ఏ ఫోల్డర్‌కు తగిలించారు, కీబోర్డు ఏ భాష, అన్నీ అందులోనే. అందులో కీబోర్డ్ లేఅవుట్ కింద ప్రీలోడ్ అనే గదిలోకి తొంగి చూస్తే భాషలు అంకెలై కూర్చుని ఉంటాయి. గుజరాతీ 00000447. ఒడియా 00000448. తమిళం 00000449. తెలుగు 0000044ఎ. సూరత్ మగ్గాల మీదికి గంజాం నుంచి ఒడియావాళ్లు వచ్చారు, తెలంగాణ నుంచి మనవాళ్లు వచ్చారు. ఊళ్లో ఇరుగుపొరుగు, రిజిస్ట్రీలోనూ ఇరుగుపొరుగే. అమ్మాయి "నా తెలుగు పోయింది" అన్నదంటే ఆ గదిలో 44ఎ లేదని అర్థం. పోయింది ఒక్క వరుస. దాంతో ఆగింది వస్త్రలత వాళ్లకు పోవాల్సిన ధరల పట్టీ.

ప్రింటర్ సంగతి కూడా ఇక్కడే. డిఫాల్ట్ ప్రింటర్‌ను నేనే చూసుకుంటానని విండోస్ 10 ఒక సదుపాయం పెట్టింది. చివరగా ఏ ప్రింటర్ వాడితే దాన్నే డిఫాల్ట్ చేస్తుంది. ఒంటరి కంప్యూటర్‌లో అది సేవ. వందమంది తిరిగే డెస్క్‌టాపుల్లో నాలుగో అంతస్తు చలాన్ రెండో అంతస్తులో పడుతుంది. దీన్ని అడ్మిన్ మొదటిరోజే ఆపేయాలని వ్యాఖ్యాత అభిప్రాయం. ఇందులో చర్చ అనవసరం.

"నెలవు మారి". డెస్క్‌టాప్ మారితే మనిషి అమరికల మూట, అంటే ప్రొఫైల్, వెంట రావాలి. దీనికి పాత ఉపాయం రోమింగ్ ప్రొఫైల్, విండోస్ ఎన్‌టీ కాలం నాటిది. లాగిన్ అయినప్పుడు సర్వర్ నుంచి అంతా కాపీ అయి వస్తుంది, లాగాఫ్ అయినప్పుడు తిరిగి పోతుంది. సూరత్‌వాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు. వజ్రాల పొట్లాలను నమ్మకం మీద రైల్లో ముంబైకి మోసుకెళ్లి మోసుకొచ్చే ఆంగడియా ఉన్నాడు కదా, రోమింగ్ ప్రొఫైల్ అతనే. అలంకారం రూపకం. ఒక్కటి చాలు.

అయితే ఆంగడియా పొట్లం చిన్నది గనక బండి అందుకుంటాడు. మనవాళ్లు డెస్క్‌టాప్ మీద పెళ్లి వీడియోలు పెడతారు, డిజైనర్లు చీర బుటాల ఫైళ్లు పోస్తారు. అప్పుడు అమ్మాయి లాగిన్ కొట్టి, టీ తాగి, కప్పు కడిగి వచ్చినా తెర మీద "దయచేసి వేచి ఉండండి" తిరుగుతూనే ఉంటుంది. అందుకే డాక్యుమెంట్లను విడిగా ఫైల్ సర్వర్ వైపు మళ్లించే పద్ధతి వచ్చింది. అదొచ్చాక మోత తగ్గింది. ఇంకో దోషం మాత్రం మిగిలింది. ఒకే మనిషి రెండు డెస్క్‌టాపుల్లో లాగిన్ అయితే చివర లాగాఫ్ అయినదాని ప్రతే నిలుస్తుంది. మొదటిదాంట్లో దిద్దుకున్నది గంగలో... సూరత్ గనక తాపీలో కలుస్తుంది.

ఈ ప్రొఫైల్‌కు అవతారాలూ ఉన్నాయి. విండోస్ 7లో ఫోల్డర్ పేరు చివర వి2 అని వస్తుంది. 8లో వి3, 8.1లో వి4, 10లో వి5, ఆ పదికే 2016లో వచ్చిన పెద్ద అప్‌డేట్ తర్వాత వి6. ఒక అవతారంలో చేసుకున్న పుణ్యం మరో అవతారానికి అందదు. విండోస్ మార్చిన వారం అందరి సెట్టింగులూ ఎందుకు మాయమవుతాయో అడిగేవాళ్లకు ఇదే జవాబు.

"సర్వరందు దాగె". దాగడం తిట్టు కాదు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లతో తాపీ పొంగి సూరత్‌లో చాలా భాగాన్ని ముంచింది. బల్ల కింద పెట్టెలో లెక్కలు దాచుకోవడం ఎంత ప్రమాదమో ఈ ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదు. సర్వర్ గది ఏ అంతస్తులో ఉందో కవి చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

ఇప్పటి పద్ధతిలో దాగేది ఫైళ్ల గుంపు కాదు. మనిషి ప్రొఫైల్ మొత్తాన్ని ఒకే వర్చువల్ డిస్క్ ఫైలుగా కట్టి సర్వర్‌లో ఉంచుతారు. లాగిన్ అవగానే దాన్ని డెస్క్‌టాప్‌కు తగిలిస్తారు. కాపీ లేదు, మోత లేదు. విండోస్ మాత్రం అది తన సొంత సీ డ్రైవ్‌లోనే ఉందనుకుంటుంది. ఎఫ్ఎస్‌లాజిక్స్ అనే సంస్థ ఈ ఉపాయంతో పేరు తెచ్చుకుంది. 2018 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొనేసింది. రోమింగ్ ప్రొఫైల్ యాప్‌డేటాలోని లోకల్ అనే గదిని వెంట తెచ్చేది కాదు. అవుట్‌లుక్ తన మెయిల్ నకలును దాచుకునేది సరిగ్గా ఆ గదిలోనే. కంటైనర్ అనే ఈ వర్చువల్ డిస్క్ దాన్నీ తెస్తుంది. వేరే అంకె ఇవ్వకపోతే ఒక్కొక్కరికి 30,000 ఎంబీ వరకు జాగా. ఆ డిస్క్ పెరగడం మాత్రమే ఎరుగును, తనంత తాను తగ్గదు. తర్వాతి వెర్షన్లలో లాగాఫ్ వేళ బిగించి చిన్నది చేసే ఏర్పాటు పెట్టారు. సూరత్ శేఠ్‌లకు ఈ వాక్యం ఒక్కటి చదివి వినిపిస్తే చాలు, స్టోరేజి బిల్లు గురించి వాళ్లే అడుగుతారు.

"జాడ చెప్పు నెవరు". ఇది పద్యానికి ప్రాణం. నిన్నటి సెషన్ సరిగా మూయలేదనుకోండి, కంటైనర్‌కు తాళం పడే ఉంటుంది. ఇవాళ అది తగులుకోదు. అప్పుడు విండోస్ మనిషిని తిప్పి పంపకుండా తాత్కాలిక ప్రొఫైల్ ఇచ్చి కూర్చోబెడుతుంది. మూలన చిన్న హెచ్చరిక వస్తుంది. ఎవరు చదువుతారు? అమ్మాయి కీబోర్డ్ మళ్లీ పెట్టుకుంటుంది, ప్రింటర్ వెతుక్కుంటుంది, ధరల పట్టీ తయారుచేసి డెస్క్‌టాప్ మీదే సేవ్ చేస్తుంది. సాయంత్రం లాగాఫ్. తాత్కాలిక ప్రొఫైల్‌తో పాటు పట్టీ కూడా పోతుంది. అడ్మిన్ చెప్పిన "లాగాఫ్ కరీ జుఓ" ఎంత చెడ్డ సలహానో ఇప్పుడు తెలిసింది కదా. ముందు సేవ్ చేసినవాటిని నెట్‌వర్క్ డ్రైవ్‌లోకి లాక్కోమని చెప్పి, ఆ తర్వాత చెప్పాల్సిన మాట అది.

ప్రొఫైల్ తగులుకోకపోతే లోపలికే రానివ్వని సెట్టింగు ఎఫ్ఎస్‌లాజిక్స్‌లో ఉంది. అడ్మిన్లు దాన్ని పెట్టడానికి జంకుతారు, ఫోన్లు ఎక్కువవుతాయని. వ్యాఖ్యాత పెట్టాలనే అంటాడు. తలుపు దగ్గర ఆగిపోయిన మనిషి పావుగంటలో ఫోన్ చేస్తుంది. లోపల కూర్చోబెట్టిన మనిషి రోజంతా పనిచేసి మరీ నష్టపోతుంది.

పాఠాంతరం

నాలుగో పాదానికి గుమాస్తాల నోట వేరే పాఠం నడుస్తోందట: "ఫోను చేసి చూడు పొద్దు పోయె". గణాలు సరిపోయాయి, యతి కుదిరింది. అయినా గ్రాహ్యం కాదు. ఇందులో సూక్ష్మబుద్ధి లేడు.

శంక

అన్ని బాధలూ ఎందుకు, అందరికీ ఒకే ప్రొఫైల్ ఇచ్చి మార్చకుండా చేస్తే పోదా?

సమాధానం

పోతుంది. ఎన్‌టీయూజర్ డాట్ డాట్ పేరును ఎన్‌టీయూజర్ డాట్ మ్యాన్ అని మారిస్తే అది నిర్బంధ ప్రొఫైల్ అవుతుంది. మనిషి ఏం మార్చినా లాగాఫ్‌తో చెరిగిపోతుంది. గోదాంలో బార్‌కోడ్ కొట్టే కౌంటర్‌కు అది బాగుంటుంది. రోజూ పన్నెండు కాలమ్‌ల పట్టీని తనకు నచ్చిన వరుసలో పెట్టుకునే మనిషికి అది రోజూ మొదటిరోజు ఉద్యోగమే. బ్రౌజర్ చెత్త, పాత లాగ్‌లు, వీడియో నకళ్లు పారేయండి, ఎవరూ ఏడవరు. 44ఎ ఉండనివ్వండి. కాలమ్‌ల వరుస, ప్రింటర్, సంతకం, సొంత డిక్షనరీ ఉండనివ్వండి. అన్నీ కలిపినా ఒక ఫోటో అంత బరువు ఉండవు.

ఇంకో శంక

దీపావళి సెలవుల తర్వాత లాభ పంచమి నాడు మార్కెట్ తెరుస్తారు. శేఠ్ ముహూర్తం పెడతాడు. ఆ నిమిషానికే అందరూ లాగిన్ కొడితే అన్ని కంటైనర్లూ ఒక్కసారే తగులుకోబోయి స్టోరేజి మూర్ఛపోతుంది. విడతలుగా రమ్మంటే?

సమాధానం

రారు, ముహూర్తం ఒక్కటే. డెస్క్‌టాపులన్నిటినీ గంట ముందే లేపి ఉంచడం, యాంటీవైరస్ స్కాన్‌ను ఆ పూట మధ్యాహ్నానికి జరపడం అడ్మిన్ చేయగలిగినవి. తక్కినది శేఠ్‌తో మాట్లాడి ఒప్పించాలి: పూజ కుంకుమ ఒక్క తెరకు పెట్టి, ముహూర్తానికి మొదటి బిల్లు శేఠ్ లాగిన్‌తో కొడితే లాభం అందరికీ అంటుతుంది. మిగతావాళ్లు పేడా తిని, చేతులు కడుక్కుని రావచ్చు.