ఇంటర్‌లోనే డిగ్రీ క్రెడిట్లు: తల్లిదండ్రులకు ఏడు సూత్రాలు

ముత్తుకూరు నుంచి అల్లూరు దాకా, రొయ్యల చెరువు మీద నాలుగు డబ్బులు చూసిన ఇంట్లో ఇప్పుడు ఒకటే దిగులు: ఎదురింటోళ్ల పిల్లవాడు ఇంటర్‌లో ఉండగానే కాలేజీ క్రెడిట్లు తెచ్చేసుకుంటే మనవాడి గతేంటి? కంగారొద్దు. కింది సూత్రాలు పాటించండి.

1. ముందు లెక్క కట్టండి. 2023 నాటి జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం 30 గంటల చదువుకి ఒక క్రెడిట్. ఏడాదికి 1200 గంటలు, 40 క్రెడిట్లు. అది మామూలు పిల్లల సంగతి. మనవాడు హాస్టల్లో రోజుకి 15 గంటలు పుస్తకం ముందు కూర్చుంటాడు. 300 రోజులకి 4500 గంటలు, అంటే 150 క్రెడిట్లు. మద్రాస్ ఐఐటీ ఆన్‌లైన్ బీఎస్ డిగ్రీ మొత్తానికి 142 చాలు. ఫస్టియర్ అయ్యేసరికి ఎనిమిది మిగులు. కునుకు తీసిన గంటలు తీసెయ్యమనేవాళ్లకి కుళ్లు.

2. ఆరో తరగతిలోనే మొదలెట్టండి. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో దాచిన క్రెడిట్ గరిష్ఠంగా ఏడేళ్లు చెల్లుతుంది. పదకొండేళ్లప్పుడు దాస్తే పద్దెనిమిదో ఏట, సరిగ్గా బీటెక్‌లో చేరే వేళకి, గడువు తీరుతుంది. తీరితే తీరనీ, అందరికన్నా ముందు మొదలెట్టిన పేరు మనకే.

3. ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సుల అసైన్‌మెంట్లు మీరే చేసెయ్యండి. హాస్టల్ గేటు దగ్గరే ఫోన్ లాక్కుంటారు కాబట్టి ఓటీపీ ఎలాగూ మీకే వస్తుంది. 12 వారాల కోర్సుకి మూడు క్రెడిట్లు. అసైన్‌మెంట్లకి 25 మార్కులు, అందులో పది వస్తే గట్టెక్కినట్టే. ఏరేటర్ల హోరులో కూర్చుని నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కడం మీకు కష్టమా? మిగతా 75 మార్కుల పరీక్ష మాత్రం పిల్లవాడే సెంటర్‌కి వెళ్లి రాయాలి. ఆ గొడవ ఆ రోజు చూసుకుందాం.

4. చేరబోయే కాలేజీని పొరపాటున కూడా అడక్కండి. ఎన్‌పీటెల్ లాంటివి ఉండే స్వయం పోర్టల్ కోర్సుల క్రెడిట్లను 40 శాతం దాకా తీసుకోవచ్చని యూజీసీ అంది. తీసుకోవచ్చని అంది గానీ, ఏ పేపరుకి బదులు ఏది చెల్లుతుందో తేల్చేది ఆ కాలేజీయే. ముందే అడిగితే ముందే కాదంటారు. డబ్బు కట్టి చేరాక వినడమే మర్యాద.

5. ఫ్లెక్సీ తొందరగా వేయించండి. పదకొండో తరగతి పరీక్షలు రాసినవాళ్లు మద్రాస్ ఐఐటీ బీఎస్ అర్హత పరీక్షకి కూర్చోవచ్చు. నెగ్గినా, చేరేది ఇంటర్ పాసయ్యాకే. ఆ రెండో ముక్క ఫ్లెక్సీలో పట్టదు. ముత్తుకూరు గేటు దగ్గర 'మా ఐఐటీ బిడ్డ' అని పెద్దక్షరాలు చాలు.

6. అమెరికా చుట్టాల మాటే వేదం. డాలస్ మేనకోడలు స్కూల్లో ఉండగానే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలో ఐదుకి ఐదు తెచ్చుకుని కాలేజీలో కొన్ని పేపర్లు తప్పించుకుందట. ఎంత వస్తే క్రెడిట్ ఇవ్వాలో అక్కడ ఒక్కో యూనివర్సిటీది ఒక్కో లెక్క. ఆ పిల్లకి ఆ సబ్జెక్టంటే ప్రాణం కూడానట. ఇవన్నీ మనకెందుకు? ఫీజెంతో కనుక్కోండి.

7. సెలవులకొచ్చినవాణ్ణి చెరువు గట్టు ఎక్కనివ్వకండి. ఎక్కాడా, చెక్ ట్రే పైకి లాగి, అడుగున మిగిలిన మేతని వేళ్లతో నలిపి చూసి, "నాయనా, రొయ్య సరిగా తినటం లేదు, రేపు పొద్దున మేత తగ్గిద్దాం" అంటాడు. తెల్లవారుజామున రొయ్యలు అంచుకొచ్చి తేలుతుంటే ఆక్సిజన్ పడిపోయిందని పసిగట్టి, మీరు లేచేలోపే ఏరేటర్లన్నీ వేసేస్తాడు. చేతిపనికీ అనుభవానికీ కూడా క్రెడిట్లివ్వొచ్చని ఆ ఫ్రేమ్‌వర్క్‌లోనే ఉంది. మనం ఆ పేజీ తిప్పేద్దాం.

తిప్పకపోతే ఏమవుతుందో చెబుతా వినండి. బైపీసీ తీసుకుంటానంటాడు. ముత్తుకూరులోనే 1991 నుంచీ ఉన్న మత్స్య కళాశాలలో బీఎఫ్‌ఎస్‌సీ చేస్తానంటాడు. నాలుగేళ్లు క్లాసులో కూర్చుని, నీళ్లలో దిగి, ఏ ఏడాది క్రెడిట్లు ఆ ఏడాదే తెచ్చుకుంటాడు. అప్పుడు ఎదురింటోళ్లకి చెప్పుకోవడానికి మన దగ్గర ఏం మిగులుతుంది, చదువు తప్ప?