దొంగ కొమ్మే ఎందుకు బతుకుతుంది?

మనీప్లాంటు కొనకూడదు, అడక్కూడదు. ఎవరింట్లోనైనా వాళ్లు అటు తిరిగినప్పుడు తుంచుకు రావాలి, అప్పుడే ఇంట లక్ష్మి నిలుస్తుంది. ఇది మా అత్తయ్య సిద్ధాంతం. ఆవిడ రోజూ విష్ణుసహస్రనామం చదువుతారు. కూరలవాడు పొరపాటున రూపాయి ఎక్కువిస్తే వీధి చివరిదాకా వెళ్లి ఇచ్చొస్తారు. కొమ్మల విషయంలో మాత్రం ధర్మశాస్త్రం వేరు. మనీప్లాంటుకున్న వెసులుబాటు క్రమంగా మందారానికి, నందివర్ధనానికి, క్రోటన్లకి కూడా పాకింది.

అత్తయ్యది సామర్లకోట. ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కలకత్తా దగ్గర షాలిమార్‌లో మా క్వార్టర్స్‌కి వచ్చినప్పుడల్లా సంచిలో పచ్చళ్ల కింద తడిగుడ్డ చుట్టిన కొమ్మలుంటాయి. ఆ ఊరి మొక్కల పిచ్చి ఇటు రావడం కొత్తేం కాదు. సామర్లకోటలో తోట పెంచిన విలియం రాక్స్‌బరో 1793లో మా పక్కనే ఉన్న శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌కి అధిపతిగా వచ్చాడు. 1787లో ఆ తోట పెట్టించిన కర్నల్ రాబర్ట్ కిడ్‌కి అంతకుముందే ఈ షాలిమార్‌లో సొంత తోట ఉండేది. అంటే ఇక్కడి మట్టికి ఊరూరి కొమ్మలూ అలవాటే.

పక్క క్వార్టర్ బౌదిది, అంటే బెంగాలీ వదినది, ముద్దమందారం. నేను మర్యాదగా అడిగాను. ఆవిడ చెయ్యి పెద్దది. మిట్టమధ్యాహ్నం కత్తిపీట తెచ్చి, నిలువెత్తు కొమ్మ, మూడు పువ్వులతో సహా కోసిచ్చింది. ముచ్చటేసి అందరూ చూసేలా గుమ్మం పక్కనే నాటాం. వారం తిరక్కుండా కట్టెపుల్లయింది. అదే చెట్టు నుంచి అత్తయ్య తెచ్చింది మాత్రం చిగురేసి నిలబడింది.

"అడిగితే బౌదే ఇచ్చేది కదా అత్తయ్యా?"

"అడిగింది బతకదమ్మా. చూశావుగా!"

చాలాకాలం దీన్ని మూఢనమ్మకం అనుకున్నాను. తీరిగ్గా ఆలోచిస్తే తెలిసింది, దొంగతనంలో ఉన్నంత వృక్షశాస్త్రం మర్యాదలో లేదని.

దొంగ వెళ్లేది తెల్లవారుజామున, ఇంటివాళ్లు లేవకముందు. రాత్రంతా నీరు పట్టి కొమ్మ నిండుగా ఉండే వేళ అదే. చప్పుడు కాకూడదు కాబట్టి అత్తయ్య చేతిలో బ్లేడు. కోత నలగదు, కుళ్లు పట్టదు. కోసేది కణుపు కిందే, వేళ్లు బాగా పుట్టేదీ అక్కడే. కొంగులో దాగాలి కాబట్టి కొమ్మ జానెడు మించదు. ఎర్రటి పువ్వుంటే పట్టించేస్తుంది కాబట్టి పువ్వు లేనిదే కోస్తారు. వేరు లేని కొమ్మ పువ్వుని పోషించలేదు కూడా. కింది ఆకులు దూసేస్తారు. ఆకులెక్కువైతే ఉన్న నీరంతా ఆవిరైపోతుంది, లాగడానికి వేళ్లు లేవాయె.

సొత్తు తెచ్చాక దాచాలి. వరండా మూల, బకెట్ వెనక, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి, పైన పాలిథిన్ కవరు బోర్లిస్తారు. బౌది కంట పడకుండా చేసిన ఏర్పాటే అయినా, కొమ్మకి కావలసిన నీడా తేమా రెండూ కుదిరాయి.

అన్నిటికన్నా ముఖ్యం, దొంగసొత్తుని ఎవరికీ చూపించుకోలేం. అడిగి తెచ్చినదైతే చిగురు కనబడగానే మా ఆయన వచ్చినవాళ్లకల్లా పైకి లాగి చూపిస్తారు. కొమ్మలో దాచుకున్న శక్తితోనే చిగురు ముందొస్తుంది, వేళ్లు తర్వాత వస్తాయి. అప్పుడప్పుడే పుట్టే ఆ తెల్లటి వేళ్లు కాస్తా ఆయన ఉత్సాహానికి తెగిపోతాయి.

చరిత్ర కూడా అత్తయ్య పక్షమే. విదేశీయుల్ని చైనా లోపలి ప్రాంతాలకి రానివ్వని రోజుల్లో బ్రిటిష్ వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా బట్టలు కట్టి, సవరం జడ పెట్టుకుని తిరిగి, తేయాకు మొక్కల్ని మూసిన గాజు పెట్టెల్లో 1851లో కలకత్తా చేర్చాడు. ఆ పెట్టె చేసిన పనీ, అత్తయ్య కవరు చేసే పనీ ఒక్కటే, లోపలి తేమ బయటికి పోనివ్వకపోవడం. సవరం ఒక్కటే తేడా.

ఓ ఆదివారం అత్తయ్యకి బొటానికల్ గార్డెన్ మర్రి చూపించాను. తెగులు పట్టిన అసలు మానుని 1925లో తీసేశారు. అయినా వేల ఊడలతో చెట్టు ఇంకా విస్తరిస్తూనే ఉంది. చుట్టూ కంచె చూసి అత్తయ్య నిట్టూర్చారు. "మొదలు పోయినా పరవాలేదు, పక్కన నాలుగు చోట్ల నాటుకుని ఉంటే చాలు" అన్నారు.

ఆ మాట ఈ వేసవిలో నిజమైంది. ఎరువు ఎక్కువై బౌది మందారం ఎండిపోయింది. మా వరండాలో విరగబూసిన ముద్దమందారం ముందు నిలబడి ఆవిడ దిగులుగా, "అచ్చం నాదిలాగే ఉంది. ఒక్క కొమ్మ ఇస్తావా?" అంది.

నేను బ్లేడు కోసం లేస్తుంటే అత్తయ్య చెయ్యి పట్టి ఆపారు.

"అడిగినప్పుడు ఇవ్వకమ్మా, పాపం, బతకదు. రాత్రికి వరండా గడియ పెట్టకు. పొద్దున్న ఐదింటికి రమ్మను. మనం నిద్రలో ఉంటాం."