ఆటో మైకు వాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

జనగామ జిల్లా తరిగొప్పుల చుట్టుపక్కల మృగశిర కార్తె ముందర పత్తి విత్తనాల ప్రచారం చేసే ఆటోల మైకుల్లో ఇలాంటి వాక్యాలు వినబడతాయి. కర్త అజ్ఞాతం. ఒక్కో ఆటో ఒక్కో ప్రతి. వాటన్నిటినీ కూర్చి, పరిష్కరించి ఒక పాఠం తేల్చాం. పోతన బమ్మెర, సోమనాథుడి పాలకుర్తి ఈ జిల్లాలోవే కాబట్టి ఇక్కడ మూలాలకు కొదవలేదు. టీకకూ ఈ నేల కొత్త కాదు. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మెదకు సీమ కొలిచెలమ వాడు. మూలంలో లేనిది రాయనని ఆయన నియమం పెట్టుకున్నాడు. ఈ మూలంలో ఉన్నదే కొంచెం గనక మాకు ఆ నియమం గిట్టుబాటు కాదు.

మూలం

“రైతన్నలారా! పోయినేడు మీ పక్క చేన్ల ఇరగ కాసింది గీ ఇత్తనమే. అందరు గిదే ఏస్తున్రు. స్టాకు కొంచెమే ఉన్నది. ఎంబడే కొనుండ్రి!”

టీక

రైతన్నలారా = అప్పు పుట్టగల వారలారా; పోయినేడు = వాన కుదిరిన ఏడు (కుదరకపోతే ఈ మాటే ఎత్తరు); పక్క చేన్ల = ఎవరిదో చెప్పనందువల్ల ఎవరూ పోయి చూడలేని చేనులో; ఇరగ కాసింది = కాసినంతవరకు కాసింది, ఏరుడు కూలి పోగా మిగిలింది ఎంతో అడగరాదు; అందరు = దుకాణం ముందర నిలబడ్డ నలుగురు; స్టాకు కొంచెమే = లోపలి అర్రలో ఉన్నది కాక; ఎంబడే = ఇంట్లో ఆమెను అడగకముందే.

తాత్పర్యం

ఈ విత్తనం మంచిదని వాక్యంలో ఎక్కడా లేదు. నువ్వొక్కడివే వెనకబడిపోతావని మాత్రం మూడుసార్లు ఉంది.

వ్యాఖ్య

ధర మాట ఎత్తలేదేమని శంక. అందరిదీ దాదాపు ఒకే ధర గనక. 2015 నాటి ఉత్తర్వు ప్రకారం పత్తి విత్తనానికి కేంద్రమే ఏటేటా గరిష్ఠ ధర కడుతుంది. బీజీ–2 రకం బీటీ పత్తి పాకెట్టు 2024లో 864 రూపాయలు, 2025లో 901. లోపలి బీటీ జన్యువులూ దాదాపు అన్నిటిలో అవే. సంకరానికీ సంకరానికీ తేడా లేకపోలేదు గాని అది చేలో తెలుస్తుంది, అట్ట మీద తెలియదు. అట్ట మీద అన్ని కాయలూ బాగానే పగులుతాయి. ధరలోనూ జన్యువులోనూ పోటీకి చోటు లేనప్పుడు ఇక మిగిలేది పేరు, బొమ్మ, పక్క చేను.

“రైతు అమాయకుడు, మైకు మాట నమ్మి మోసపోయాడు” అని పట్నవాసులు చేసే పూర్వపక్షం ఒకటుంది. ఇది నిలవదు. గ్లెన్ డేవిస్ స్టోన్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త అప్పటి ఉమ్మడి వరంగల్ జిల్లా పల్లెల్లో పత్తి రైతులు విత్తనం ఎట్లా ఎంచుకుంటారో ఏళ్ల తరబడి చూసి, 2007లో ‘కరెంట్ ఆంత్రొపాలజీ’లో వ్యాసం అచ్చువేశాడు. ఆయన చూసిందిది: ఒక ఊరు ఊరంతా ఒకే పేరు వెంట పడుతుంది, పక్క ఊళ్లో ఆ పేరు అడిగేవాడుండడు, రెండేళ్లు తిరిగేసరికి మొదటి ఊరూ దాన్ని మరిచిపోతుంది. తన చేలో కొంచెం వేసి చూసుకుని తేల్చుకున్నవాళ్లు అరుదు.

ఎందుకంటే చూసుకునే వీలు లేదు. సంకర విత్తనాన్ని దాచి వేస్తే మరుసటేడు అదే కాపు రాదు, ఏటా కొనాలి. 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చినప్పుడు ఉన్నవి మూడు రకాలు. పదేళ్లలో వెయ్యి దాటాయి. ఏడాదికి చేయగలిగిన పరీక్ష ఒక్కటి. అందులో వాన, చెలక నేల, గులాబీ రంగు పురుగు, ఎరువు అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఏది దేని ఫలమో తేలేలోపు ఆ పేరు బజార్లో ఉండదు. అలాంటప్పుడు పక్కోడి చేను చూసి వేయడం తెలివితక్కువ కాదు, ఉన్న ఒక్క తెలివి అదే.

అయితే ఆ పక్కోడు ఎవరి చేను చూసి వేశాడు? ఇతనిదే. నైయాయికులు దీన్ని అన్యోన్యాశ్రయ దోషమన్నారు. విత్తన కంపెనీలు దీని మీదే మార్కెట్టు కట్టుకున్నాయి. పదిమందినీ ఒప్పించే ఖర్చు అక్కర్లేదు. రోడ్డు పక్కన చేనున్న పెద్ద రైతుకు విత్తనం వేయించి, కాపు మీదున్నప్పుడు ఊళ్లవాళ్లను జీపులో తెచ్చి చూపి, భోజనం పెడితే చాలు. మిగతా ప్రచారం రైతులే ఒకరికొకరు చేసుకుంటారు, జీతం లేకుండా.

“స్టాకు కొంచెమే” అన్నచోట ఒక ప్రమాణం. వచ్చే లాభం కన్నా అంతే నష్టం మనిషిని ఎక్కువ బాధిస్తుందని మనస్తత్వవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో రాశారు. ఆ సంగతి మైకులో గొంతు ఇచ్చినవాడికి చదవకుండానే తెలుసు.

ఇక ధ్వని. వాక్యంలో లేకుండా వాక్యమంతా నిండి ఉన్నది డీలరు ఖాతా పుస్తకం. “సేటూ, ఆటోల జెప్పింది ఉన్నదా?” “గది అయిపోయింది కాకా, గీది గంతకన్న మంచిగుంటది. తీస్కవో, పైసలు పత్తి ఏరినంక ఇద్దువుతియ్.” పాత బాకీ ఉన్నవాడు ఈ మాటకు ఎదురు చెప్పలేడు. మూలకర్త కంటే సేటే పెద్ద కవి. ఎంత డబ్బు పెట్టి మైకు తిప్పినా ఆఖరి పాదం ఆయన చేతిలోనే ఉంటుంది.

రసం: జూన్‌లో అద్భుతం. కాయలో పురుగు కనబడ్డాక భయానకం. తేమ 12 శాతం దాటిందని పత్తి కొనే సీసీఐ కేంద్రంలో బండి వెనక్కి పంపితే రౌద్రం.

పాఠాంతరం: అవతలి ఊళ్లో ఇదే వాక్యం అక్షరం మారకుండా వినబడుతుంది, విత్తనం పేరు తప్ప.

ఫలశ్రుతి

ఎకరానికి ఇన్ని క్వింటాళ్లని రాయడం ఆచారం. వ్యాఖ్యాతకు ఆ ధైర్యం లేదు. ఆ అంకె కావాల్సినవారు ఆటో మళ్లీ వచ్చేదాకా ఆగాలి. మొలక రాకపోతే అడగడానికి లాట్ నంబరున్న రసీదు దాచుకోవాలని వ్యవసాయ అధికారులు చెబుతుంటారు. ఖాతా మీద తెచ్చుకున్నవాడికి ఆ రసీదు ఎప్పుడు చేతికొస్తుందో మూలంలో లేదు.