స్తంభన శాస్త్రం: ల్యాప్‌టాప్ కాండ

బల్లి మీద పడితే ఏమవుతుందో మనవాళ్లు శాస్త్రం రాసిపెట్టారు. తల మీద పడితే ఒక ఫలం, భుజం మీద పడితే ఇంకొకటి. ఏటా పంచాంగం చివరి పేజీల్లో అది అచ్చవుతూనే ఉంటుంది. ఏ రోజు ఏ రంగు పుంజును బరిలోకి దించాలో చెప్పడానికి కుక్కుట శాస్త్రం ఉంది. సంక్రాంతి నాలుగు రోజులూ గోదావరి జిల్లాల్లో దానికుండే గిరాకీ ఏ వేదానికీ ఉండదు. ఇంత శాస్త్రపిచ్చి ఉన్న జాతి, అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు ల్యాప్‌టాప్ బిగుసుకుపోతే ఏం చేయాలో ఒక్క ముక్కా రాసుకోలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ గ్రంథం. గ్రంథకర్త అర్హత ఒక్కటే: ఓ మే నెల రాత్రి, బెజవాడలో, సరిగ్గా పది నలభై ఏడుకి అతని ల్యాప్‌టాప్ ఆగిపోయింది.

నిర్వచన ప్రకరణం

సూత్రం 1: తెర ఆగుట స్తంభనము, యంత్రము ఆగుట కాదు.

భాష్యం: ఈ అవస్థకు లోకంలో రెండు పేర్లున్నాయి. 'హ్యాంగయింది' అనేది ఆఫీసు మాట. 'స్ట్రక్కయింది' అనేది సర్వజనుల మాట. ఇంగ్లీషువాడు అనేది 'స్టక్' మాత్రమే కదా, నడుమ ఆ రేఫం ఎక్కడిదని వైయాకరణులు అడగొచ్చు. పేద పక్కన ఆలు చేరి పేదరాలు అయినట్టే, తెలుగు నోట్లో పడ్డ స్టక్కుకు రుగాగమం వచ్చింది. ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన కూర్చుంటుందనీ, ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నవాణ్ని లేపి ఆ చోట్లో తాను కూర్చుంటుందనీ వ్యాకరణం తేడా చెబుతుంది. దీన్ని కొంగున ముడేసుకోండి, చివర్లో పని పడుతుంది.

ఇక యంత్రం సంగతి. మనకు కనిపించే డెస్క్‌టాప్, లోపల నడిచే అనేక ప్రోగ్రాముల్లో ఒకటి. గ్రంథకర్త వాడే లినక్స్‌లో అయితే అడుగున కెర్నల్ ఉంటుంది. పైన బొమ్మ గీసే ఏర్పాటు ఉంటుంది. ఆ పని చేసే ఎక్స్ విండో 1984లో ఎంఐటీలో పుట్టింది. 1987 నాటి దాని పదకొండో రూపమే ఇప్పటికీ వాడుకలో ఉంది. దాని చోట్లోకి వస్తున్న వేలాండ్‌ను 2008లో మొదలుపెట్టారు. ఇన్ని అంతస్తుల్లో ఒక్కటి పలకకపోతే 'ల్యాప్‌టాప్ పోయింది' అనడం, తాలూకా ఆఫీసులో కౌంటర్ కిటికీ మూసి ఉందని ప్రభుత్వం పడిపోయిందనడమే. లోపల ఫ్యాను తిరుగుతోంది. ఫైళ్లూ కదులుతుండవచ్చు. మన ముఖం చూసేవాడు మాత్రం లేడు.

పూర్వపక్షం

సూత్రం 2: నిన్న అప్‌గ్రేడ్, నేడు స్తంభనము, కావున అప్‌గ్రేడే కారణమని మూఢులందురు.

భాష్యం: మూఢుల్లో మొదటివాడు గ్రంథకర్తే. ఆ రాత్రి ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లను ఏడు తరాల వెనక్కి వెళ్లి తిట్టాడు. కాకి వాలింది, తాటిపండు పడింది. అది కాకతాళీయం, కాకే పడగొట్టిందనడం మూఢత్వం. అయితే ఒక్కోసారి కాకి నిజంగానే పడగొడుతుంది. కెర్నల్‌కు బయట తయారయ్యే గ్రాఫిక్స్ డ్రైవర్లుంటాయి. అప్‌గ్రేడ్‌తో కొత్త కెర్నల్ వస్తే వాటిని దానికి తగ్గట్టు మళ్లీ కూర్చాలి. ఆ కూర్పు మధ్యలో చెడితే తెర చెడుతుంది.

కాకా, ముగ్గిన పండా తేల్చే పరీక్ష సులువు. చాలా లినక్స్‌లు పాత కెర్నల్‌ను వెంటనే పారేయవు. యంత్రం లేచేటప్పుడు వచ్చే పట్టీలో పాతదాన్ని ఎంచుకుని రెండు రోజులు నడపాలి. పాతదాంట్లో ఆగక కొత్తదాంట్లోనే ఆగితే కాకిదే తప్పు. రెంటిలోనూ ఆగితే కాకిని వదిలేసి చెట్టెక్కి చూడాలి. తార్కికులు దీన్నే అన్వయ వ్యతిరేకాలంటారు. మెకానిక్కులు 'అది మార్చి చూద్దాం సార్' అంటారు.

ప్రమాణ ప్రకరణం

సూత్రం 3: చూచి, ఊహించి, పోల్చి, విని నిర్ణయింపవలెను.

భాష్యం: న్యాయశాస్త్రం ఒప్పుకున్న ప్రమాణాలు నాలుగు. స్తంభన నిర్ణయానికీ అవే నాలుగు.

ప్రత్యక్షం. మౌస్ బాణం కదులుతోంది, ఎక్కడ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. బాణాన్ని కదిపే చేయి వేరు, నొక్కుడు అందుకునే చేయి వేరు కావచ్చు. మొదటిది బతికే ఉందన్న మాట. బాణం కూడా కదలకపోతే జబ్బు ఇంకాస్త లోతున ఉండవచ్చు.

అనుమానం. ఆ రాత్రి హైదరాబాదులో ఉన్న మేనల్లుడికి ఫోన్ చేశాను.

"మావయ్యా, క్యాప్స్‌లాక్ నొక్కండి. లైటు వెలుగుతోందా?"

"లేదురా."

"ఇంకోసారి నొక్కండి."

"ఎన్నిసార్లు నొక్కినా అంతే. పోయినట్టేనా?"

"లైటు వెలిగితే బతికున్నట్టు. వెలగకపోతే పోయినట్టని మాత్రం కాదు."

వాడు తర్కం చదవలేదు గానీ చెప్పింది తర్కమే. పొగ ఉంటే నిప్పుంటుంది. పొగ లేనంత మాత్రాన నిప్పు లేదనరాదు. కొలిమిలోంచి తీసిన ఇనుప గుండుకు పొగేది? ఆ లైటు పగ్గాలు కూడా డెస్క్‌టాప్ చేతిలోనే ఉంటాయి గనుక, డెస్క్‌టాప్ నిద్రపోతే లైటూ నిద్రపోవచ్చు. అదే లైటు ఎవరూ నొక్కకుండా తనంత తాను టపటపా కొట్టుకుంటుంటే, చాలా ల్యాప్‌టాప్‌లలో అది కెర్నల్ చేతులెత్తేసిన గుర్తు.

ఉపమానం. ఆవులాంటిదే గవయమని విన్నవాడు అడవిలో గవయాన్ని గుర్తుపట్టాడట. పక్కింటాయన కూడా విషయం వినగానే "మాదీ ఇంతేనండీ, సర్వీసుకిస్తే నాలుగువేలు తీసుకున్నాడు" అన్నారు. ఆరా తీస్తే ఆయనది వేరే కంపెనీ, వేరే సాఫ్ట్‌వేర్. ఆగిన కారణం కీబోర్డు మీద ఒలికిన కాఫీ. ఉపమాన ప్రమాణం అడవుల్లో పనిచేసినంతగా అపార్ట్‌మెంట్లలో పనిచేయదు.

శబ్దం. తార్కికుడికి శబ్దమంటే ఆప్తవాక్యం. మనకు శబ్దమంటే శబ్దమే. ఫ్యాను రొద పెడుతుంటే ఏదో ప్రోగ్రాము గానుగెద్దులా తిరుగుతూ ప్రాసెసర్‌ను నమిలేస్తోందని ఊహించవచ్చు. నిశ్శబ్దంగా ఉంటే, రానిదానికోసం ఎదురుచూస్తూ కూర్చుని ఉండొచ్చు. పాట పెట్టుకుని ఉంటే ఇంకా మేలు. ఉన్న అరసెకను ముక్కే గీత పడిన గ్రామఫోను రికార్డులా మళ్లీమళ్లీ మోగుతుంటే రోగం ముదిరింది. పాట పాటలా సాగుతుంటే అసలు యంత్రం క్షేమం. ఆ రాత్రి నా తెర మీద ఈగ కూడా కదలడం లేదు గానీ, ఘంటసాల మాత్రం చరణం తర్వాత చరణం నిమ్మళంగా పాడుకుంటూ పోతున్నాడు.

షట్కర్మ ప్రకరణం

సూత్రం 4: మంత్రములు ఆరు, మీటలును ఆరు.

భాష్యం: మంత్రశాస్త్రంలో శాంతి, వశ్యం, స్తంభనం, విద్వేషణం, ఉచ్చాటనం, మారణం అని ఆరు కర్మలు. లినక్స్ కెర్నల్‌లోనూ ఆరక్షరాల మంత్రం ఉంది. ఆల్ట్ మీటనూ, సిస్‌ఆర్‌క్యూ మీటనూ కలిపి పట్టుకుని, ఆర్, ఈ, ఐ, ఎస్, యూ, బి అని తొందరపడకుండా ఒక్కొక్కటే నొక్కాలి. సిస్‌ఆర్‌క్యూ సాధారణంగా ప్రింట్‌స్క్రీన్ మీటలో దాక్కుని ఉంటుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ మీటే ఉండదు. వాటి యజమానులకు జపయోగం లేదు.

ఆర్ వశ్యం: కీబోర్డును డెస్క్‌టాప్ పట్టు నుంచి విడిపించి కెర్నల్ వశం చేస్తుంది. ఈ ఉచ్చాటనం: ప్రోగ్రాములన్నిటికీ 'సర్దుకుని బయల్దేరండి' అని కబురు. ఐ మారణం: కబురందినా కదలనివాటికి. ఎస్ శాంతి: డిస్కుకు చేరవలసిన రాతల్ని చేరుస్తుంది. యూ స్తంభనం: ఇకపై ఎవరూ రాయకుండా డిస్కును బిగిస్తుంది, స్తంభనానికి స్తంభనమే మందు, ఉష్ణం ఉష్ణేన శీతలం. బి పునర్జన్మ: యంత్రం మళ్లీ లేస్తుంది. విద్వేషణానికి మీట లేదేమని శిష్యులు అడగవచ్చు. అది అప్పటికే అప్‌గ్రేడ్ చేసుకోమని సలహా ఇచ్చినవాడికీ మనకీ మధ్య సిద్ధించి ఉంటుంది.

సంప్రదాయ భేదం కూడా చెప్పుకోవాలి. ఈ మంత్రంలో ఏ అక్షరానికి అనుమతి ఉందో ఒక అంకె నిర్ణయిస్తుంది. ఉబుంటూలో మామూలుగా ఆ అంకె 176. అంటే 128, 32, 16 కూడిక: పునర్జన్మ, స్తంభనం, శాంతి. వశ్యం, ఉచ్చాటనం, మారణం అందులో లేవు. ఉబుంటూవారిది అహింసా మార్గమని గ్రహించాలి.

విండోస్ శాఖవారు విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బి కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ ఒక్కసారి ఒళ్లు విరుచుకుని మళ్లీ మొదలవుతుంది. కంట్రోల్ ఆల్ట్ డిలీట్ సర్వశాఖలకూ తెలిసిన గాయత్రి. దాని ద్రష్ట ఐబీఎం ఇంజనీరు డేవిడ్ బ్రాడ్లీ. 1981 నాటి ఐబీఎం పీసీ కోసం, పొరపాటున చేయి తగిలి యంత్రం మళ్లీ మొదలవకూడదని మూడు మీటలు పెట్టాడు.

ఆఖరిది బ్రహ్మాస్త్రం: పవర్ బటన్‌ను నాలుగు సెకన్లకు పైగా నొక్కిపట్టడం. తప్పక పనిచేస్తుంది. అయితే సేవ్ చేయని పనితోపాటు, యంత్రం తన సంగతులు రాసుకునే లాగ్‌లో ఇంకా డిస్కుకెక్కని చివరి వాక్యాలు కూడా పోవచ్చు. హంతకుణ్ని పట్టుకోవడానికి వెళ్లి వేలిముద్రలు తుడిచి రావడమన్న మాట.

ఉదాహరణ ప్రకరణం

సూత్రం 5: ఆగిన గడియారమే అసలు సాక్షి.

భాష్యం: నా వేలు బ్రహ్మాస్త్రం మీదే ఉంది. మేనల్లుడు ఆపాడు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కమన్నాడు. నల్లటి తెర మీద అక్షరాలు మాత్రమే ఉండే పక్క గది తెరుచుకోవాలట. తెరుచుకోలేదు. వేలాండ్‌లో ఆ తలుపు తీయవలసింది కూడా డెస్క్‌టాపే, కాపలావాడే గుర్రుపెడుతున్నాడు.

"అయితే మీ ఫోన్లోంచి దొడ్డిదారిన వెళ్దాం. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు ఎస్ఎస్‌హెచ్ పెట్టి వెళ్లాను."

ఫోన్ మీద బొటనవేళ్లతో ఆజ్ఞలు కొట్టుకుంటూ నా ఇంట్లోకి నేనే దొంగలా దూరాను. లోపల అన్నీ పద్ధతిగా ఉన్నాయి. లాగ్ తెరిస్తే వేల వరుసలు దొర్లాయి.

"ఎన్నింటికి ఆగింది మావయ్యా? ఆ నిమిషం చెబితే అక్కడే చూస్తాం."

"ఏమోరా, గంటైందేమో. తిట్టుకుంటూ టైము చూసుకోలేదు."

మంచినీళ్ల చెంబుతో వచ్చిన అమ్మ నా భుజం మీంచి తెరకేసి చూసింది. "ఒరే, నీ గడియారం పది నలభై ఏడు దగ్గరే ఉంది. సెల్లు అయిపోయిందేమో మార్చు."

తెర మీద మూలన కళ్లెదుటే ఉంది. గంట నుంచి తెరనంతా చూస్తున్నాను, గడియారాన్ని మాత్రం చూడలేదు. పంచనామాలో రాసుకోవలసిన సమయాన్ని మృతుడే గోడ మీద రాసిపెట్టాడు. లాగ్‌లో పది నలభై ఏడుకు వెళితే డెస్క్‌టాప్ పలికిన చివరి మాటలో ఒక ఎక్స్‌టెన్షన్ పేరుంది. ఊళ్లో ఉష్ణోగ్రత ఎంతో తెర పైన చూపించే చిన్న ముక్క. అంతకు ముందు నిమిషంలో కరెంటు పోయి వచ్చింది, వైఫై పెట్టె ఆగి లేచింది. ఆ మధ్యలో ఇది ఎండ ఎంతుందో అడగడానికి నెట్‌లోకి వెళ్లి, జవాబు రాక, అక్కడే నిలబడిపోయింది. గ్నోమ్ లాంటి డెస్క్‌టాప్‌లలో ఎక్స్‌టెన్షన్లు డెస్క్‌టాప్ ప్రాసెస్ లోపలే నడుస్తాయి. అందులో ఒకటి నిలబడిపోతే ఇల్లంతా నిలబడుతుంది.

ఇక్కడ గ్రంథకర్త ఒక నేరం ఒప్పుకోవాలి. అప్‌గ్రేడ్ దీన్ని లోపలికి రానివ్వలేదు. 'ఇది కొత్త రూపానికి రాసింది కాదు' అని గుమ్మం బయటే ఆపింది. తెర మీద ఉష్ణోగ్రత కనిపించకపోయేసరికి నాకు ఏదో వెలితిగా తోచి, దాని వివరాల ఫైలు తెరిచి, తనకు సరిపడే రూపాల వరుసలో కొత్త నంబరు నేనే చేర్చాను. రేషన్ కార్డులో లేని మనిషి పేరు ఎక్కించినట్టు. అది మురిసిపోతూ లోపలికొచ్చింది.

సిద్ధాంతం: అప్‌గ్రేడ్ ఆదేశం, శత్రువులా వచ్చి పాతవాణ్ని లేపి కూర్చుంది గనుక రాత్రంతా దాన్నే తిట్టాను. ఎక్స్‌టెన్షన్ ఆగమం, మిత్రుడిలా పక్కన చేరింది గనుక దానిమీద అనుమానమే రాలేదు. స్తంభన కారణాన్ని వెతికేవాడు వచ్చి పడినవాటికంటే ముందు, ముచ్చటపడి తాను తెచ్చి పెట్టుకున్నవాటిని ఒక్కొక్కటే తీసి చూడాలి.

ఫోన్లోంచే డెస్క్‌టాప్‌ను దింపి, మళ్లీ లాగిన్ అయి, ఆ ముక్కను పీకేశాను. సేవ్ చేయని రెండు పేజీలు పోయాయి. ఘంటసాల కూడా ఆగిపోయాడు.

ఫలశ్రుతి

ఈ శాస్త్రాన్ని అప్‌గ్రేడ్‌కు ముందు పఠించినవారికి బ్యాకప్ తీసుకోవాలన్న బుద్ధి పుట్టును. తర్వాత పఠించినవారికి ఓర్పు కలుగును. దీన్ని ల్యాప్‌టాప్‌లోనే దాచుకున్నవారికి అవసరానికి దొరకకపోవును. కాగితం మీద దాచుకోవలెను.

మర్నాడు పొద్దున తెర తెరిచాను. గడియారం నడుస్తోంది. దాని పక్కన ఉష్ణోగ్రత ఉండే చోటు ఖాళీగా ఉంది. కళ్లు అలవాటు చొప్పున అటే పోయాయి. అమ్మ డాబా మీద పాత చీర పరిచి వడియాలు పెడుతోంది.

"అమ్మా, ఎండ ఎలా ఉంది?" అని కింది నుంచి కేకేశాను.

"పైకొస్తే చెప్పులేసుకుని రా" అంది.