ఉక్కునగరపు హెరాల్డు

నా వంశము ఆంగ్లదేశమందలి కోవెంట్రీ నగరమునకు చెందినది. 1959వ సంవత్సరమున అచ్చటి స్టాండర్డ్ ట్రయంఫ్ సంస్థవారు టూరిన్ నగరపు శిల్పి జొవాన్ని మికెలొట్టిచే రూపకల్పన చేయించి, హెరాల్డు అను పేర మా జాతిని లోకమునకు పరిచయము చేసిరి. 1961లో మద్రాసు నగరపు దక్షిణ శివారున నున్న స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారి కర్మాగారమున మా నిర్మాణము ఆరంభమయ్యెను. నేను ఆ తొలితరమున జనించిన రెండు తలుపుల కారును. 1962లో వెలువడిన స్పిట్‌ఫైర్ అను రెండాసనముల స్పోర్ట్స్ కారు నాకు తోబుట్టువు. దాని ముందు చక్రముల సస్పెన్షనును, ర్యాకు పినియన్ స్టీరింగును నానుండి గ్రహింపబడినవే. మద్రాసు చెంతనున్న షోలవరం విమానక్షేత్రమున జరిగిన పందెములలో మా హెరాల్డులును పరుగిడినవి. కావున నా స్టీరింగు వృత్తాంతమును సాధారణ గృహశకటపు వృత్తాంతముగా నెంచవలదని మనవి.

నాలో నేను గర్వించు లక్షణములు మూడు కలవు. మొదటిది, నా ముందు చక్రములు అత్యధికముగా తిరుగగలుగుటచే 25 అడుగుల వ్యాసముగల వృత్తములో నేను సంపూర్ణముగా మరలగలను. రెండవది, నా బానెట్టు ముక్కువైపు కీలుపై సమగ్రముగా పైకి లేచును గనుక, పనివాడు నా టైరుపైననే కూర్చుండి ఇంజనును, స్టీరింగును పరిశీలింపవచ్చును. మూడవది మిక్కిలి ముఖ్యమైనది: నా స్టీరింగు కాలమ్‌లో నొక గొట్టము మరియొక గొట్టములోనికి జరుగును, బిగింపు సడలించి చక్రమును చోదకుని వైపునకు లాగవచ్చును, లేదా దూరముగా నెట్టవచ్చును. మనుష్యులందరును ఒక్క కొలత వారు కారన్న సత్యమును గుర్తించిన ఆ నిర్మాతలపై నాకు నేటికిని గౌరవము కలదు.

విశాఖపట్టణమునకు నేను సింధియా ప్రాంతమున నివసించు నౌకానిర్మాణశాల యధికారి వెంట వచ్చితిని. ఆ సముద్రపు గాలి నా రేకులకు చేసిన యపకారము వర్ణింప నక్కరలేదు. పిదప ఉక్కు కర్మాగారపు నిర్మాణము సాగుచున్న దినములలో నొక యింజనీరుగారు నన్ను కొని, ఉక్కునగరమునకు గొనివచ్చిరి. 1971 జనవరి 20న ఇందిరాగాంధి శంకుస్థాపన చేయగా, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితము చేసిన ఆ కర్మాగారమున వారు ఉద్యోగజీవితమును గడపిరి. వారు ఆరడుగుల మనిషి. నా యాసనపు పట్టాలను వెనుకకు జరిపించి, చక్రమును తనవైపునకు లాగించి, తన దేహమునకు తగినట్లు నన్ను తీర్చుకొనిరి. వారు విశ్రాంతి గైకొనునాటికి వారి కుమార్తె వైర్ రాడ్ మిల్లున ఇంజనీరుగా కుదురుకొని యుండెను. క్వార్టరుతోబాటు నేనును ఆమె వంతునకు వచ్చితిని.

ఆమె యెత్తు ఐదడుగులకు మించదు. తండ్రి కొలతకు అమరిన ఆసనమున కూర్చున్న ఆమె, క్లచ్చును అడుగంట త్రొక్కవలెనన్న నడుమును ఆసనపు వీపునుండి విడదీసి ముందునకు జారవలసివచ్చెడిది. జారకుండుటకై చక్రమును రెండుచేతుల పట్టుకొని దానికి వ్రేలాడెడిది. చక్రమును ఊతగా గొన్నవారికి అది మార్గదర్శి కాజాలదు. త్రోవ గుణమును ముందు చక్రములు నా ర్యాకు ద్వారమున ఆమె యరచేతులకు విన్నవించుచునే యుండెను. కాని దేహభారమును మోయుచున్న ఆ చేతులకు ఆ విన్నపము వినబడుటెట్లు? తరచుగా జనులు ఈ లోపమును స్టీరింగునకు అంటగట్టి, చక్రమును మార్చి, ర్యాకును మార్చి, ధనమును వ్యయపరచుకొందురు. దోషము ఆసనముదని తెలిసికొనుటకు కొంత ఓపిక వలయును.

ఆ యోపిక గల మేస్త్రీ ఆటోనగరమున దొరకెను. ఆమె చిన్న చక్రము వేయుమని యడుగగా, అతడు నా తలుపు తెరచి, "అలాగేనమ్మా, ముందు మీరు కూకోండి, కొలతలు సూద్దాం" అనెను. ఆమె వీపును ఆసనమునకు పూర్తిగా ఆనించి, క్లచ్చును అడుగంట త్రొక్కినప్పుడును మోకాలు కొంచెము వంగియే యుండునో లేదో మొదట చూచెను. ఆసనమును కేవలము ముందునకు జరిపినచో కాలికి పెడలు అందును గాని, రొమ్ము చక్రమునకు సమీపించును. ఢీకొన్నవేళ అది ప్రాణాంతకము. కావున పట్టాలను కొంతమాత్రమే జరిపి, పెడళ్ళపై అల్యూమినియము దిమ్మలను బోల్టులతో బిగించి, వాటినే ఆమె పాదములయొద్దకు దెచ్చెను. ముందు చక్రపు గూడు పాదస్థానములోనికి చొచ్చుకొని యుండుటచే నా పెడళ్ళు స్వభావముగనే కొంత యెడమకు ఒదిగి యుండును; ఆ దిమ్మలను అతడు కుడివైపునకు కొలదిగా జరిపి బిగించుటచే ఆమె నడుము మెలికపడుట తప్పెను. ఆసనము క్రింద ఎత్తు పెంచి, కూలిన కొబ్బరిపీచు మెత్తను మార్చిన తరువాత, ఆమె చూపు చక్రపు అంచుపైనుండి నా బానెట్టు కొసవరకు సాగెను. చిట్టచివర స్టీరింగు కాలమ్ బిగింపు సడలించి చక్రమును లోనికి నెట్టెను. భుజములు వీపుమెత్తను విడువకుండ చేయి చాచిన, మణికట్టు చక్రపు పైయంచున నిలిచెను; రొమ్మునకును చక్రమధ్యమునకును 10 అంగుళములకు పైబడిన యెడము మిగిలెను.

చిన్న చక్రము విషయమునను వాదము జరిగెను. 16 అంగుళముల చక్రమును తీసి 14 అంగుళములది వేసినచో, అదే పనికి ఏడవ వంతు అధికబలము వలయును. పార్కింగునందు ఆ వ్యత్యాసము చేతులకు స్పష్టముగా తెలియును. వ్రేలాడుట మానిన పిదప ఆమెకు ఆ కోరికయే సడలి, నా పాత చక్రము నాకే మిగిలెను.

అనంతరము గాని ర్యాకు వంతు రాలేదు. దానిని చట్రమునకు బంధించు రబ్బరులు ముదిరి మెత్తబడియుండుటచే, చక్రము త్రిప్పగనే తొలుత ర్యాకే ప్రక్కకు జరిగి, పిమ్మట టైర్లు తిరిగెడివి. రబ్బరుల స్థానమున గట్టి అల్యూమినియము దిమ్మలు అమర్చిరి. ఇందువలన గతుకుల కంపము చేతులకు హెచ్చుగా చేరును; నా మట్టుకు ఆ కంపము వార్తయే గాని బాధ కాదు. ర్యాకును పినియనుపై అదుము మెత్తక్రింది షిమ్ములను ఒక్కొక్కటిగా తీసి, బిగువు చాలునన్నచోట ఆగిరి. ఇక క్రింది కంచు ట్రనియన్ల సంగతి మా జాతిని పెంచు ప్రతివారును ఎరుగవలసినది: ముందు చక్రమును మోయు నిలువు ఉక్కుకడ్డీ ట్రనియనునందు మరచుట్లపై తిరుగుచుండును, గ్రీజునకు బదులు గేరు నూనె పట్టించుచుండవలయును. నూనె యెండి నీరు చేరినచో త్రుప్పు లోలోపలనే కడ్డీని తినివేసి, ఒకనాడు మలుపులో విరుగగొట్టును. ఉప్పుగాలి వీచు ఈ యూర ఉపేక్ష తగదు. మేస్త్రీ మాటపై ఆమె సంవత్సరమునకు రెండుమార్లు స్వహస్తములతో నూనె పోయుచున్నది.

పని ముగిసిన ఆదివారమున మేము యారాడ ఘాటు రోడ్డు నెక్కితిమి. నా వెనుక యిరుసులకు డిఫరెన్షియల్ చెంతనే కీళ్ళుండుటచే, వడిగా వంపు దిరుగుచు హఠాత్తుగా యాక్సిలరేటరు విడిచినచో వెనుక చక్రములు లోనికి ముడుచుకొని తోక త్రిప్పును. ఇది నా జాతి దోషము, దాచుకొనను. పూర్వము ఆ భయముతో ఆమె వంపువంపునను బ్రేకుపై పాదముంచెడిది. ఆనాడు వంపునకు ముందే వేగము తగ్గించి, వంపులో పాదమును స్థిరముగా నిలిపి, రెండుచేతులతో చక్రమును తేలికగా నడపెను. కొండదిగువ సముద్రము కనబడుచోట ఇసుక పేరుకొన్న యొక వంపులో ముందు టైరు జారనుండగా, అది జారకమునుపే ఆమె చేతికి తెలిసెను. ఆమె చక్రమును వెంట్రుకవాసి సడలించెను, నేను త్రోవ తప్పలేదు.

పెద్దాయనకు నేటికిని అప్పుడప్పుడు నన్ను నడపవలెనని మనసగును. "నాన్నా, ఒక్క పావుగంట ఆగండి" అని ఆమె స్పానరు తీసి పెడళ్ళ దిమ్మలు ఊడదీసి, ఆసనము క్రింది యెత్తును తొలగించి, పట్టాలను వెనుకకు నెట్టి, స్టీరింగు కాలమ్‌ను బయటికి లాగి బిగించును. చేసిన మార్పులలో దేనికొరకును నా యంగము నొక్కటియు కోయలేదు గనుక, ఆయన తన పాత కొలతలోనే కూర్చుండి, సెక్టార్ల వీధులగుండ కూర్మన్నపాలెము కూడలి వరకును నన్ను నడపుకొని వచ్చును.