మూడో తరగతికి దొరికిన పీఈటీ గారు

మెడలో విజిల్ లేకుండా పీఈటీ గారు బజార్లోకి వస్తే చాలామంది గుర్తుపట్టరు. గుర్తుపట్టినవాళ్ళు "ఒంట్లో బాగాలేదా మాస్టారూ?" అని అడుగుతారు. ఎప్పుడో జోనల్ మీట్‌లో ఇచ్చిన నీలం ట్రాక్ సూటు మోకాళ్ళ దగ్గర తెల్లబారి ఉంటుంది. బూట్లు మాత్రం రోజూ మెరవాల్సిందే. తరగతి గదుల్లో మిగిలిన సుద్దముక్కలన్నీ వాటికే ఖర్చు. ఆయన మామూలుగా మాట్లాడితే పక్క ఊరికి వినిపిస్తుంది, రహస్యం చెబితే మన ఊరితో సరిపెడతారు. పెళ్ళి భోజనాల దగ్గర జనం తోసుకుంటుంటే పెళ్ళివారు దిక్కుతోచక ఆయన వైపే చూస్తారు. "ఒక్కొక్కరూ... లైన్లో!" అని ఆయన అరిస్తే, అప్పటికే విస్తరి ముందు కూర్చున్న వియ్యంకుడు కూడా లేచొచ్చి లైను చివర నిలబడతాడు.

బడిలో ఆయన పని ఆటలు నేర్పడం అని కాగితాల్లో ఉంటుంది. ప్రార్థనలో సావధాన్, విశ్రామ్ చెప్పడం, అటెండరు రాకపోతే గంట కొట్టడం, మధ్యాహ్న భోజనం దగ్గర రెండో గుడ్డు కోసం మళ్ళీ వచ్చినవాణ్ణి మొహం చూసి పట్టుకోవడం, ఎంఈఓ గారు వస్తున్నారంటే దండ తేవడం, ఆగస్టు 15న జెండా ముడి సమయానికి ఊడేలా, అంతకుముందు ఊడకుండా చూడటం, ఇవన్నీ అయ్యాక మిగిలిన టైములో ఆటలు. ఆ మిగిలిన టైము మీద లెక్కల మాస్టారి కన్ను ఉంటుంది. "సిలబస్ అవలేదండీ, ఈ ఒక్క పీరియడ్ ఇప్పించండి" అని చేబదులు తీసుకున్న గేమ్స్ పీరియడ్ తిరిగొచ్చిన దాఖలా ఎక్కడా లేదు. పోనీ, "పిల్లలకి సరిగ్గా గెంతడం రావట్లేదండీ, మీ భిన్నాల పీరియడ్ ఇవ్వండి" అని పీఈటీ గారు ఒక్కసారైనా అడిగారా? అడిగితే స్టాఫ్‌రూమ్‌లో ఎంతమంది టీ గ్లాసులు కింద పెడతారో చూడాలని నాకు చాలాకాలంగా కోరిక.

ఆయన సర్వీసంతా పెద్దపిల్లలతోనే గడిచింది. చిన్నబడికి పీఈటీ ఉండటం మామూలుగా జరగదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది, ప్రతి తరగతికీ ఆటవస్తువులు ఇవ్వాలంది. ఆడించే మనిషి సంగతికొచ్చేసరికి ఆరో తరగతి నుంచి, అదీ పిల్లలు వంద దాటిన చోట, పార్ట్‌టైమ్ మాస్టారు చాలనుకుంది. సమగ్ర శిక్ష కింద ప్రాథమిక బడికి ఆటవస్తువులకని ఏడాదికి ఇచ్చేది 5,000 రూపాయల దాకా. దాంతో కొన్న బంతులు హెడ్మాస్టారి బీరువాలో ఉంటాయి. పిల్లల చేతికిస్తే పాడైపోవూ?

అలాంటిది 2022లో ఆంధ్రప్రదేశ్‌లో చాలాచోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గర్లో ఉన్న హైస్కూళ్ళలో కలిపారు. ఆ ఏర్పాటు మంచిచెడ్డలు మనకొద్దు, దాని మీద మాట్లాడేవాళ్ళు ఇప్పటికే ఎక్కువమంది ఉన్నారు. మన పీఈటీ గారికి మాత్రం ఒక పొద్దున గ్రౌండు నిండా బొడ్డూడని జనం కనిపించారు.

"ఫాలిన్!" అన్నారు, జిల్లా వాలీబాల్ టీముల్ని తయారుచేసిన గొంతుతో. ముందువరసలో ఇద్దరు ఏడ్చారు. ఒకడు చెప్పు పోయిందన్నాడు. ఒకమ్మాయి ఒకటికి వెళ్ళొస్తానంది. దాంతో అందరికీ ఒకటి గుర్తొచ్చింది. తిరిగొచ్చాక కబడ్డీ. కూతకి ఒక్కణ్ణి వెళ్ళమంటే ఏడుగురూ కలిసి వెళ్ళారు. వచ్చినవాణ్ణి పట్టుకోరా అంటే అవతలివాడు "వీడు మా పిన్నికొడుకు సార్, ఎలా పట్టుకుంటాను?" అని ఎదురడిగాడు. ఖోఖోలో ఎనిమిదిమంది ఒకరు ఇటు, ఒకరు అటు మొహం పెట్టి కూర్చోవాలి. వీళ్ళు ఆయన చూస్తున్నంతసేపూ అలాగే కూర్చుని, అటు తిరగ్గానే ఇద్దరిద్దరు ఎదురెదురుగా తిరిగి కబుర్లలో పడ్డారు. వీపు తట్టి "ఖో" అంటే ఒకడు "నేనా సార్?" అని లేచి, నిక్కరు దులుపుకుని, ఖో ఇచ్చినవాడి చెయ్యి పట్టుకుని వాణ్ణి కూడా తీసుకుని పరిగెత్తాడు. ఒక్కడివే వెళ్ళాలిరా అంటే, "అందరూ కలిసి ఆడాలని మీరే అన్నారుగా సార్!"

బంతి కథ వేరే. వాలీబాల్ మెల్లగానే విసిరారు. పట్టుకోవాల్సిన పిల్ల రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంది. బంతి వెళ్ళి వెనక వేపచెట్టుకి తగిలాక తీరిగ్గా రెండు చేతులూ దగ్గరికి తెచ్చింది. పదోతరగతి వాడు ఆ పని చేస్తే గ్రౌండు చుట్టూ మూడు రౌండ్లు పడేవి. ఆయన విజిల్ జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళి వాళ్ళావిణ్ణి పాత చీరలు అడిగారు.

"ఎందుకూ?"

"బంతులకి."

ఆవిడ రిటైర్మెంటుకి ఇంకా ఎన్నేళ్ళుందో లెక్కపెట్టుకుని చీరలిచ్చారు.

గుడ్డపీలికలు చుట్టి, పురికొస బిగించి, తలా ఒక బంతి. ఒక్క బంతి ముందు నలభైమంది లైను కడితే పీరియడ్ మొత్తానికి ఒక్కొక్కరికి ఒక విసురు వస్తుంది, మిగతా సేపంతా ముందువాడి జుట్టు పీకడమే. లైనే దైవమని బతికిన మనిషి చేతులారా లైను ఎత్తేశారు. గుడ్డబంతి మొహానికి తగిలినా నొప్పిలేదని తెలిశాక కళ్ళు వాటంతట అవే తెరుచుకున్నాయి. మొదట్లో రెండు చేతులతో గుండెకి అదుముకున్నారు, దీపావళి నాటికి అరచేతుల్లో పట్టుకున్నారు. "ఏం నేర్పారు మాస్టారూ?" అని హెడ్మాస్టారు అడిగితే "ఏముందండీ, చీరలు చింపాను" అన్నారు. పొగిడితే ఆయన అలాగే ఏదో ఒకటి అడ్డంగా అనేస్తారు.

ఖేలో ఇండియా వాళ్ళ పరీక్షల్లో ఐదు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకి ఫ్లెమింగో బ్యాలెన్స్ అని ఒకటుంది. ఒక కాలు వెనక్కి మడిచి పట్టుకుని ఒంటికాలి మీద నిమిషం నిలబడాలి. మొదటి 30 సెకన్లలో 15 సార్లకు మించి తూలితే సున్నా. శీతాకాలం పులికాట్‌కి వచ్చే ఆ పక్షులకి ఇది ఎవరూ నేర్పలేదు గానీ, మన పిల్లలు ఆ భంగిమ చూడగానే గొల్లుమన్నారు: "మేమేం తప్పు చేశాం సార్?" పాపం, ఒంటికాలి మీద నిలబడటం వాళ్ళకు తెలిసింది హోంవర్కు మర్చిపోయినప్పుడే. ఒక్క పిల్ల మాత్రం నిమిషం దాటినా కదల్లేదు. ఇంటి ముందు రోజూ తొక్కుడుబిళ్ళ ఆడుతుందట. మర్నాడు పొద్దున్నే ఆయన ముగ్గుపిండి డబ్బాతో వరండా అంతా తొక్కుడుబిళ్ళ గళ్ళు గీస్తుంటే స్వీపరమ్మ నిలబడి చూసి, "సార్‌కి ఏమైనా మొక్కుందేమో" అనుకుని చీపురు పక్కన పెట్టింది.

కుర్చీలాటలో ఆయన చేసిన మార్పు నాకు బాగా నచ్చింది. మామూలు పద్ధతిలో ముందుగా బయటికొచ్చేది కాళ్ళు చురుగ్గా కదలనివాడు, అంటే ఇంకాసేపు పరిగెత్తాల్సినవాడే. వాణ్ణి గట్టు మీద కూర్చోబెట్టి, బాగా పరిగెత్తేవాడికి ఇంకా సాధన చేయిస్తాం! అందుకని ఆయన కుర్చీలు తీస్తూపోయారు గానీ పిల్లల్ని తియ్యలేదు. పాట ఆగేసరికి ఉన్న కుర్చీల మీదే అందరూ ఎలాగో సర్దుకోవాలి. ఒక్కడు నేల మీద మిగిలినా అందరూ ఓడినట్టే. ఒళ్ళో ఒకరు, భుజం పట్టుకుని ఒకరు. పొద్దున తన్నుకున్న ఇద్దరు ఒకరి నడుము ఒకరు పట్టుకుని వేలాడారు. చివరి కుర్చీ ఎక్కువమందిని మొయ్యాలి కదా అని హెడ్మాస్టారి గదిలోంచి చేతుల కుర్చీ తెచ్చారు. తొమ్మిదిమందిని మోసింది. పదోవాడు ఎక్కాక దాని కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకి వెళ్ళాయి. తర్వాత వారం రోజులు హెడ్మాస్టారు స్టూలు మీద కూర్చుని సంతకాలు పెట్టారు.

జనవరి 26న ఆ బాకీ తీర్చుకోవాలని హెడ్మాస్టారే తాడులాట ప్రతిపాదించారు: స్టాఫ్ ఎనిమిదిమంది ఒకవైపు, మూడో తరగతి మొత్తం ఒకవైపు. పిల్లలకి అప్పటికి మడమలు నేలలో దింపడం, వెనక్కి వాలడం, బొద్దుగా ఉన్నవాణ్ణి చివర నిలబెట్టడం, హైలెస్సా అన్న కూతకి అందరూ ఒకేసారి లాగడం వచ్చు. స్టాఫ్ సీనియారిటీ ప్రకారం నిలబడింది. సైన్సు మేడమ్ ఘర్షణ బలం గురించి చెబుతున్నారు, లెక్కల మాస్టారు పిల్లల బరువు మొత్తం కూడుతున్నారు, తెలుగు మాస్టారు ఒక చేత్తో తాడూ ఒక చేత్తో పంచె పట్టుకున్నారు. విజిల్ మోగింది. "హైలెస్సా!" రెండో హైలెస్సాకి స్టాఫంతా సీనియారిటీ ప్రకారమే బోర్లా పడ్డారు.

హెడ్మాస్టారు దుమ్ము దులుపుకుని, "ఇంకో రౌండు. ఈసారి మీరు చెప్పినట్టే నిలబడతాం. చివర ఎవరుండాలి?" అన్నారు.

"అందరికంటే బరువైనవాళ్ళు సార్" అన్నారు పీఈటీ గారు నేల చూస్తూ.

"అంటే?"

స్టాఫ్‌లో ఎవరూ నోరు విప్పలేదు. మూడో తరగతి మాత్రం, కూతకి అలవాటుపడిన గొంతులు కదా, అందరూ ఒకేసారి అరిచారు: "మీరే సార్!"